రోడ్ మూవీలు, స్వేచ్ఛ, అస్తిత్వం: తరచుగా అడిగే ప్రశ్నలు

రోడ్ మూవీల గురించి ఎప్పుడు మాట కదిలినా మిత్రులు తిప్పి తిప్పి ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. ఒక్కోసారి ఒక్కో ముక్క చెప్పేకన్నా అన్నీ ఒకచోట రాసి పెడదామనిపించింది. కొన్ని సినిమాల ముగింపులు కూడా ఇందులో చెప్పేశాను. అవి దాచిపెట్టి స్వేచ్ఛ గురించి మాట్లాడటం కుదరదు.

ప్రయాణం ఉన్న ప్రతి సినిమా రోడ్ మూవీయేనా?

కాదు. హీరో ఊళ్లో రైలెక్కి పట్నంలో దిగి, అక్కడ విలన్‌తో తలపడితే అది రోడ్ మూవీ కాదు. నేను వాడే పరీక్ష ఒకటుంది. సినిమాలోంచి ప్రయాణాన్ని తీసేసి చూడండి. అయినా కథ నిలబడితే అది రోడ్ మూవీ కాదు. ఏమీ మిగలకపోతే అది రోడ్ మూవీ.

ఈ సినిమాల్లో మనుషులు దారిలో తగులుతారు, కాసేపు ఉంటారు, వెళ్లిపోతారు. చాలామంది మళ్లీ కనబడరు. ఊరు వదిలినవాడు అదే మనిషిగా తిరిగి రాడు, కొన్నిసార్లు అసలే తిరిగి రాడు.

ఈ తరహా సినిమా 1969 ప్రాంతంలో అమెరికాలోనే ఎందుకు పుంజుకుంది?

రోడ్లుండబట్టి. 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన చట్టంతో 41,000 మైళ్ల అంతర్రాష్ట్ర రహదారుల పథకం మొదలైంది. అదే కాలంలో కార్లు మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చాయి. తర్వాత వియత్నాం యుద్ధం వచ్చింది. తల్లిదండ్రులు కట్టిన ఇల్లు, ఉద్యోగం, పెరడు పిల్లలకి ఊపిరాడనివ్వని చోటుగా అనిపించడం మొదలైంది. 1968లో హాలీవుడ్‌లో పాత సెన్సార్ నియమావళి పోయి రేటింగ్ పద్ధతి వచ్చింది కాబట్టి చేదు ముగింపులకీ చోటు దొరికింది.

1969లో వచ్చిన 'ఈజీ రైడర్' సుమారు 4 లక్షల డాలర్లతో తీసిన సినిమా. హాలీవుడ్ లెక్కలో అది చాలా చిన్న మొత్తం. దాని కెమెరామన్ లాస్లో కోవాక్స్ హంగేరీ వాడు. 1956లో బుడాపెస్ట్ వీధుల్లో తిరుగుబాటునీ సోవియట్ ట్యాంకుల్నీ రహస్యంగా ఫిల్మ్ మీదకి ఎక్కించి, ఆ రీళ్లతో సరిహద్దు దాటి వచ్చాడు. ట్యాంకులు నడిచిన రోడ్డుని చూసిన కళ్లతోనే అమెరికా ఖాళీ రోడ్డునీ చూశాడు. ఆ సినిమాలో వెలుతురు అలా ఎందుకుంటుందో నాకు ఈ సంగతి తెలిశాకే అర్థమైంది.

అస్తిత్వవాదానికీ బండి తోలడానికీ ఏమిటి సంబంధం?

అస్తిత్వవాదం అనగానే గుర్తొచ్చే ఫ్రెంచ్ తత్వవేత్త సార్త్ర్ 1945లో పారిస్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో కాగితాలు కోసే కత్తిని ఉదాహరణగా తీసుకున్నాడు. కత్తి ఎందుకు పనికొస్తుందో చేసేవాడికి ముందే తెలుసు. ప్రయోజనం ముందు, కత్తి తర్వాత. మనిషి విషయంలో ఇది తిరగబడుతుంది. ముందు మనం ఉంటాం. ఎందుకున్నామో తర్వాత మనమే తేల్చుకోవాలి. చెప్పేవాడు పైన ఎవడూ లేడు. అందుకే మనిషికి స్వేచ్ఛ ఒక శిక్షలాగా పడింది అన్నాడాయన.

ఇక రోడ్డు సంగతి. మన ఊళ్లలో కొత్తవాడు కనబడగానే పడే ప్రశ్నలేమిటి? "ఏ ఊరు బాబూ? ఎవరి తాలూకు?" ఈ రెండిటికీ జవాబు వస్తే మనిషి ఎవరో తేలిపోయినట్టే. రోడ్డు మీద ఆ జవాబుకి విలువ ఉండదు. వందల మైళ్ల దూరంలో పెట్రోల్ బంకు కుర్రాడికి మీరు ఎవరి తాలూకో అక్కర్లేదు. ఇంటిపేరు, హోదా, పాత గొడవలు అన్నీ రాలిపోయాక మిగిలిన మనిషి ఎవరు? ఈ ప్రశ్న పుస్తకంలో నాలుగు పేజీలు తీసుకుంటుంది. సినిమాకి ఒక కారు, ఒక అద్దం చాలు.

స్వేచ్ఛ అంటే అడ్డు లేకపోవడమే కదా? దీంట్లో అంత తాత్వికత ఏముంది?

మన మాటే చూడండి. స్వేచ్ఛ అంటే స్వ, ఇచ్ఛ. నా కోరిక నాదిగా ఉండటం. అడ్డు తొలగడం గురించి ఈ మాట ఏమీ చెప్పదు. అడ్డులన్నీ పోయినా నా ఇచ్ఛ ఏమిటో నాకే తెలియకపోతే నేను స్వేచ్ఛగా ఉన్నట్టా? మంచి రోడ్ మూవీలన్నీ ఈ ప్రశ్న దగ్గరికే వస్తాయి.

మాంటీ హెల్మన్ 1971లో తీసిన 'టూ-లేన్ బ్లాక్‌టాప్' దీన్ని మొండిగా పట్టుకున్న సినిమా. ఇద్దరు కుర్రాళ్లు, 1955 మోడల్ షెవర్లే. వాళ్లకి పేర్లు లేవు, డ్రైవర్, మెకానిక్ అంతే. ఇంకో కారులో నడివయసు మనిషి. అతన్ని కారు పేరుతోనే జీటీఓ అంటారు. వాషింగ్టన్ దాకా పందెం, ఓడినవాడు కారు ఇచ్చెయ్యాలి. సగం దారిలో పందెం సంగతే అందరూ మర్చిపోతారు. జీటీఓ ఎక్కించుకున్న ప్రతి మనిషికీ తన గురించి ఒక కొత్త కథ చెబుతాడు. వాడి కార్లో అన్నీ ఉన్నాయి, వాడికంటూ ఒక కథ మాత్రం లేదు. చివర్లో తెర మీద ఫిల్మే కాలిపోతుంది. ముందుకెళ్లే దారి ఉంది, వెళ్లాలనే కోరిక లేదు. ఇంతకన్నా భయంకరమైన ముగింపు ఈ సినిమాల్లో నాకు కనబడలేదు.

'ఈజీ రైడర్' స్వేచ్ఛకి పట్టం కట్టిన సినిమా అంటారు. నిజమేనా?

పోస్టర్ అలా ఉంటుంది. సినిమా అలా ఉండదు.

వ్యాట్, బిల్లీ అని ఇద్దరు. మాదకద్రవ్యం అమ్మిన డబ్బు పెట్రోల్ ట్యాంకులో దాచుకుని న్యూ ఆర్లీన్స్ పండుగకి బయల్దేరతారు. బయల్దేరే ముందు వ్యాట్ చేతి గడియారం తీసి ఒకసారి చూసి నేల మీద పారేస్తాడు. అందరికీ గుర్తుండేది ఈ సీనే. నన్ను వెంటాడేది మాత్రం ఆ తర్వాత కాసేపటికి వచ్చే ఇంకో సీన్.

వ్యాట్ బండి టైరు పంక్చరవుతుంది. ఒక రైతు ఇంటి దగ్గర ఆగుతారు. ఫ్రేములో ఒక పక్క రైతు గుర్రం కాలెత్తి పట్టుకుని నాడా కొడుతుంటాడు. ఇంకో పక్క వీళ్లు చక్రం విప్పి బాగుచేస్తుంటారు. రెండూ ఒకే పని, రెండు కాలాల్లో. తర్వాత ఆరుబయట బల్ల చుట్టూ ఆ రైతు, భార్య, బోలెడంత మంది పిల్లలు, వీళ్లిద్దరూ కలిసి భోంచేస్తారు. వ్యాట్ చుట్టూ చూసి, సొంత నేల మీద నీ పని నువ్వు నీకు నచ్చిన వేళకి చేసుకుంటున్నావు, గర్వపడాల్సిన సంగతి అన్నట్టు రైతుతో అంటాడు. ఆ మాటలో మర్యాద కోసం అన్నది ఏమీ లేదు, మనసులోంచి వచ్చింది. దేశమంతా తిరుగుతూ వెతుకుతున్న వస్తువు, కదలకుండా కూర్చున్నవాడి దగ్గర ఉందని అతనికి ఆ క్షణంలో తెలుసు. అయినా టైరు బాగవగానే బండి ఎక్కుతాడు.

దారిలో కలిసిన లాయర్ జార్జ్ రాత్రి నెగడు దగ్గర ఇంకో మాట చెబుతాడు. స్వేచ్ఛ గురించి మాట్లాడటం వేరు, స్వేచ్ఛగా ఉండటం వేరు, బజారులో అమ్ముడుపోయేవాడు స్వేచ్ఛగా ఉండటం కష్టం అని. ఆ రాత్రే ఊరివాళ్లు వచ్చి దుడ్డుకర్రలతో కొట్టి అతన్ని చంపుతారు. చివర్లో బిల్లీ మనం సాధించేశాం అని సంబరపడుతుంటే, లేదు, చేతులారా పాడుచేసుకున్నాం అంటాడు వ్యాట్. ఏం పాడుచేసుకున్నారో సినిమా చెప్పదు. నా మటుకు నాకు ఆ భోజనం బల్ల దగ్గరే దానికి జవాబుంది.

పారిపోవడమూ స్వేచ్ఛేనా?

ఇటలీ దర్శకుడు ఆంటోనియోని 1975లో తీసిన 'ది ప్యాసింజర్' మొత్తం ఈ ప్రశ్నే. డేవిడ్ లాక్ అనే టీవీ విలేకరి ఆఫ్రికాలో ఒక ఎడారి హోటల్లో దిగుతాడు. పక్క గదిలో రాబర్ట్‌సన్ అనే పరిచయస్థుడు చచ్చిపడి ఉంటాడు. లాక్ తొందర పడడు. పైన ఫ్యాన్ తిరుగుతుంటుంది. చొక్కా లేకుండా బల్ల దగ్గర కూర్చుని బ్లేడుతో రెండు పాస్‌పోర్టుల్లో ఫొటోలు ఊడదీసి మార్చి అంటిస్తాడు. ఆ క్షణం నుంచి లాక్ చనిపోయినట్టు, తను రాబర్ట్‌సన్ అయినట్టు. భార్య, ఉద్యోగం, విసుగు అన్నీ ఒక్క దెబ్బతో పోయాయి.

పోయాయా? రాబర్ట్‌సన్ డైరీలో ఎవరెవర్ని ఎప్పుడు కలవాలో రాసి ఉంటుంది. ఈయన ఆ డైరీ ప్రకారం ఊళ్లు తిరగడం మొదలుపెడతాడు. రాబర్ట్‌సన్ ఆయుధాల వ్యాపారి అని తర్వాత తెలుస్తుంది. తన జీవితం వద్దనుకున్నవాడికి ఇంకొకడి జీవితం మెడకి చుట్టుకుంది.

మధ్యలో ఒక అమ్మాయి కలుస్తుంది. ఓపెన్ టాప్ కారులో వెళ్తుంటే, నువ్వు దేన్నుంచి పారిపోతున్నావు అని అడుగుతుంది. ముందు సీటుకి వీపు పెట్టి చూడు అంటాడు. ఆమె వెనక్కి తిరిగి చేతులు చాచి నవ్వుతుంది. దారికి రెండు పక్కలా చెట్లు వెనక్కి వెనక్కి పోతుంటాయి. వెళ్లిపోతున్న రోడ్డు తప్ప అక్కడ ఇంకేమీ లేదు. పారిపోయేవాడికి కనిపించేది ఎప్పుడూ వెనకనున్న రోడ్డే అని మాటల్లేకుండా చెప్పిన ఆ పది పన్నెండు సెకన్లని నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఆడవాళ్లకీ రోడ్డు ఇదే స్వేచ్ఛ ఇస్తుందా?

ఇవ్వదు. ఈ విషయంలో మెతక జవాబు చెప్పడం నాకు ఇష్టం లేదు. మగవాడు ఒంటరిగా తిరిగితే దేశదిమ్మరి అంటారు, అందులో కాస్త ముచ్చట కూడా ఉంటుంది. ఆడమనిషికి వాడే మాటలు మనందరికీ తెలుసు.

1991లో వచ్చిన 'థెల్మా అండ్ లూయీస్'లో రెండు రోజుల సరదా ప్రయాణం కార్ పార్కింగ్‌లో జరిగిన అత్యాచార ప్రయత్నంతో పరుగుగా మారుతుంది. కాలీ ఖౌరీ రాసిన మొదటి స్క్రీన్‌ప్లే అది, ఆస్కార్ వచ్చింది. ఇద్దరూ లోయ అంచు మీదుగా కారు దూకించిన ముగింపు గురించే అందరూ మాట్లాడతారు. నాకు అంతకన్నా విలువైనది, దారిలో థెల్మా తను ఎప్పుడూ ఇంత మెలకువగా లేనని చెప్పే క్షణం. అన్నాళ్లూ భర్తకి భయపడుతూ నిద్రలో నడిచినట్టు బతికిన మనిషి ఆమె.

ఫ్రెంచ్ దర్శకురాలు ఆన్యెస్ వార్దా 1985లో తీసిన 'వేగబాండ్' ఇంకా లోతుకి వెళుతుంది. వెనిస్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి గోల్డెన్ లయన్ అందుకున్న సినిమా. మొదటి సీన్లోనే మోనా అనే అమ్మాయి చలికి గడ్డకట్టి కాలువలో శవంగా కనిపిస్తుంది. తర్వాత ఆమెని చూసినవాళ్లంతా తలో మాట చెబుతారు. ఒకడికి ఆమె మురికి, ఒకామెకి ఈర్ష్య, ఇంకొకరికి జాలి. ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. నడుస్తున్న మోనాతో కెమెరా కుడి నుంచి ఎడమకి వెళుతుంది, మనం చదివే దిశకి ఎదురు. చూస్తుంటే ఏదో ప్రవాహానికి అడ్డంగా పోతున్నట్టు ఒళ్లు బిగుసుకుంటుంది.

తత్వశాస్త్రం చదివి మేకలు కాసుకుంటున్న ఒకతను మోనాకి చోటిస్తాడు. బంగాళాదుంపలు పండించాలని ఉందంటే కాస్త నేల కూడా చూపిస్తాడు. ఆమె పడుకుని పుస్తకాలు చదువుతుంది, నేల ముట్టదు. రోడ్డు మీదే ఉండిపోయిన నా మిత్రుల్ని ఒంటరితనం తినేసింది అని హెచ్చరిస్తాడతను. అతని మాట నిజమే. మోనాని చూస్తుంటే ఆమె వైపూ మనసు లాగుతుంది. అతను చూపించిన స్వేచ్ఛ కూడా ఒకరు ఇచ్చినదే, షరతులున్నదే. ఆమెకి అది అక్కర్లేదు. దానికి ఆమె చెల్లించిన ధరని వార్దా మొదటి సీన్లోనే మన ముందు పెట్టేసింది.

ఆడవాళ్ల విషయమే కాదు. అమెరికాలో నల్లజాతివారికి ఏ హోటల్లో గది ఇస్తారు, ఏ బంకులో పెట్రోల్ పోస్తారు అని చెప్పే గైడు పుస్తకం 1936 నుంచి మూడు దశాబ్దాల పాటు అచ్చవుతూ వచ్చింది. 'గ్రీన్ బుక్' అని పేరు. ఖాళీ రోడ్డు అందరికీ ఖాళీగా ఉండదు.

ఇన్ని రోడ్ మూవీలు చావుతో ఎందుకు ముగుస్తాయి?

1970ల నాటి నిరాశ ఒక కారణం. ఇంకో కారణం నాకు తోచింది చెబుతాను. స్వేచ్ఛగా దూసుకెళ్లే మనిషిని చూపించడం తేలిక. ఆ మనిషి మర్నాడు పొద్దున్న లేచి, పళ్లు తోముకుని, అద్దె కట్టి, అప్పుడు కూడా స్వేచ్ఛగా ఎలా ఉంటాడో చూపించడం కష్టం. చాలామంది దర్శకులు ఆ కష్టం పడలేక కారుని లోయలోకో బుల్డోజర్ మీదకో పంపేశారు.

ఆ కష్టం పడ్డవాడు ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియరోస్తమీ. 1997 నాటి 'టేస్ట్ ఆఫ్ చెర్రీ'లో బదీయీ అనే మనిషి టెహ్రాన్ శివార్ల మట్టి గుట్టల్లో కారు తిప్పుతూ, తను ప్రాణం తీసుకున్నాక మట్టి కప్పే మనిషి కోసం వెతుకుతుంటాడు. ఒక సైనికుడు పారిపోతాడు. ఒక మత విద్యార్థి నీతి చెబుతాడు. మూడో మనిషి ముసలాయన, సరేనంటాడు, తన కథ కూడా చెబుతాడు. ఒకప్పుడు తనూ తాడు పట్టుకుని మల్బరీ చెట్టెక్కాడట. చీకట్లో చేతికి మెత్తగా పండు తగిలింది. ఒకటి తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. ఈలోగా తెల్లవారింది. బడికెళ్లే పిల్లలు చెట్టు ఊపమన్నారు. ఊపాడు. కొన్ని పళ్లు ఏరుకుని ఇంటికెళ్లి భార్యకిచ్చాడు.

ఫ్రెంచ్ రచయిత కామూ తన పుస్తకం 'మిత్ ఆఫ్ సిసిఫస్' మొదలుపెట్టింది ఈ ప్రశ్నతోనే, బతకడం దండగా కాదా అని. కియరోస్తమీ వాదన జోలికి పోలేదు, చేతికి ఒక పండు అందించాడు. బదీయీ ఏమయ్యాడో సినిమా చెప్పదు. ఎంచుకోవడం అతని వంతు.

అమెరికా బయట స్వేచ్ఛ వేరే రకంగా ఉంటుందా?

ఉంటుంది. జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్ 1976 సినిమా 'కింగ్స్ ఆఫ్ ది రోడ్'లో బ్రూనో ఒక పాత లారీలో తూర్పు జర్మనీ సరిహద్దు వెంబడి పల్లె సినిమా హాళ్లకి తిరుగుతూ ప్రొజెక్టర్లు బాగుచేస్తుంటాడు. ఎంత తిరిగినా ఒక పక్క ఆ సరిహద్దు కంచె ఉంటుంది. టూరింగ్ టాకీసులు మూతపడటం చూసిన మనవాళ్లకి ఆ హాళ్ల వాసన ఇట్టే తెలుస్తుంది.

'యోల్' అంటే టర్కిష్‌లో దారి. ఈ సినిమాని టర్కీ దర్శకుడు యిల్మాజ్ గునే జైల్లో ఉండి రాశాడు. షెరీఫ్ గోరెన్ బయట షూటింగ్ చేశాడు. 1981లో గునే తప్పించుకుని దేశం దాటి ఎడిటింగ్ దగ్గరుండి చేయించుకున్నాడు. 1982లో కాన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి పామ్ డోర్‌ని ఇంకో సినిమాతో పంచుకుంది, టర్కీలో 1999 దాకా నిషేధం. కథ ఐదుగురు ఖైదీలది, వారం రోజుల సెలవు మీద ఇళ్లకి వెళతారు. ఒకడు సెలవు కాగితం పోగొట్టుకుని దారిలోనే మళ్లీ పట్టుబడతాడు. మిగతావాళ్లకి ఇంటి దగ్గర పరువు, కులకట్టు, పగ ఎదురవుతాయి. జైలు గోడ బయట కూడా జైలే. ఈ సినిమా చూశాక, ఇల్లు వదిలిపోవడమే స్వేచ్ఛ అనే అమెరికన్ కథ ఎంత తేలికైనదో అనిపిస్తుంది.

తెలుగులో ఇలాంటివి ఉన్నాయా?

సినిమాలు తక్కువ. ఆలోచన మాత్రం మనకి పాతదే. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, మజిలీ మజిలీకీ ఏ ఊరు, ఏ నీళ్లు, ఎలాంటి మనుషులు అని రాసుకుంటూ పోయాడు. మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు'లో యతీ, పశువుల కాపరీ నడుస్తుంటారు, కాపరి దారిలో చూసిన వింత గురించి అడుగుతాడు, బస చేసినచోట యతి దాని కథ చెబుతాడు. నడక నడకే, కథ పుట్టేది మాత్రం మజిలీలో. 'ఈజీ రైడర్' భోజనం బల్ల, ముసలాయన మల్బరీ కథ నాకు అందుకే పరాయివి అనిపించలేదు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనుకున్న జాతికి, బయల్దేరినవాడు తిరిగొస్తాడన్న నమ్మకం లేదన్నది కొత్త విషయం కాదు.

క్రిష్ మొదటి సినిమా 'గమ్యం' 2008లో వచ్చింది. డబ్బున్న అభిరామ్ ప్రేమించిన అమ్మాయిని వెతుకుతూ బైక్ మీద వెళ్తుంటే గాలి శీను తోడవుతాడు. సిరివెన్నెల రాసిన 'ఎంతవరకు ఎందుకొరకు' పాట మన సినిమాల్లో అస్తిత్వవాదం సూటిగా పలికిన చోటు. నాగ్ అశ్విన్ తీసిన 'ఎవడే సుబ్రమణ్యం' (2015) పేరులోనే ప్రశ్న పెట్టింది, హీరోని హిమాలయాల్లో దూద్‌కాశి దాకా నడిపించింది. రెండిట్లోనూ ప్రయాణం మనిషిని మనుషుల్లోకి తిప్పి పంపుతుంది. పాశ్చాత్య సినిమా గమ్యం లేదంటుంది, మనది పేరే 'గమ్యం' అని పెట్టుకుంది. మన రెండు సినిమాలూ జవాబు కాస్త తొందరగా ఇచ్చేశాయని నాకనిపిస్తుంది. అయినా వాటి మీద ఇష్టం తగ్గలేదు.

'నోమాడ్‌ల్యాండ్'లో ఉన్నది స్వేచ్ఛా, పేదరికమా?

రెండూ. నెవాడాలోని ఎంపైర్ అనే కంపెనీ ఊరు 2011లో జిప్సం ఫ్యాక్టరీతో పాటే మూతపడింది, పిన్‌కోడ్ కూడా పోయింది. ఇది నిజంగా జరిగింది. క్లోయీ జావ్ సినిమాలో ఫెర్న్ ఆ ఊరి మనిషి, వ్యాన్‌లో బతుకుతూ సీజన్ పనులు చేసుకుంటుంది. రోడ్డు ఆమె ఎంచుకున్నది కాదు, నెట్టబడింది. కానీ తర్వాత ఒక స్నేహితుడు ఇల్లు, గది చూపించినప్పుడు తెల్లారకుండానే లేచి వెళ్లిపోతుంది. అక్కడ మాత్రం ఎంచుకుంది. గతి లేక మొదలైనది ఇష్టంగా మారడం జీవితంలో చూస్తూనే ఉంటాం. ఆ ఇష్టాన్ని చూపించి గతిలేనితనాన్ని కప్పేస్తే తప్పు. సినిమా ఒకటి రెండు చోట్ల ఆ తప్పు దగ్గరికి వెళ్లింది.

బైక్ ట్రిప్‌కి వెళితే నాకూ ఇలాంటి అనుభవం వస్తుందా?

ట్రిప్ ప్లాన్ చేసి తెచ్చుకునేది కాదది. నాకు ఒకసారి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే నైట్ బస్సులో వచ్చింది. ఇంట్లో, ఆఫీసులో టెన్షన్‌గా ఉన్న రోజులు. సూర్యాపేట దగ్గర రెండింటికి టీకి ఆపారు. గ్లాసు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డాను. లారీలు పోతున్నాయి. నేనక్కడ ఉన్నట్టు భూమ్మీద ఎవరికీ తెలియదు. ఎటు వెళ్లే బస్సైనా ఎక్కొచ్చు అనిపించింది, గుండె ఝల్లుమంది. క్లీనర్ పిలిచాడు. నా బస్సే ఎక్కాను. ఎక్కక తప్పక కాదు, ఇంటికి వెళ్లాలని నిజంగా అనిపించి. ఆ ఐదు నిమిషాల తర్వాతే ఈ సినిమాలు నాకు సరిగ్గా అందాయి.

వేగం లేకుండా రోడ్ మూవీ ఉంటుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

రెండు ప్రశ్నలకీ ఒకే సినిమా. డేవిడ్ లించ్ 1999లో తీసిన 'ది స్ట్రెయిట్ స్టోరీ'. ఆల్విన్ స్ట్రెయిట్ అనే 73 ఏళ్ల నిజం మనిషి, చూపు ఆనక లైసెన్స్ లేక, గడ్డి కోసే మెషీన్ మీద 1994లో అయోవా నుంచి విస్కాన్సిన్ దాకా సుమారు 240 మైళ్లు వెళ్లాడు. ఏళ్ల తరబడి తనతో మాటల్లేని అన్నకి పక్షవాతం వచ్చిందని. లించ్ అదే దారిలో, అదే వరసలో షూటింగ్ చేశాడు. సైకిళ్లు కూడా ఆల్విన్‌ని దాటిపోతాయి.

ఒక రాత్రి ఇంట్లోంచి పారిపోయి వచ్చిన గర్భిణి పిల్ల ఆయన నెగడు దగ్గర కూర్చుంటుంది. తన పిల్లలకి చిన్నప్పుడు తలో పుల్లా ఇచ్చి విరవమనేవాణ్ని, విరిచేవాళ్లు, అవే కట్ట కట్టి ఇస్తే విరవలేకపోయేవాళ్లు, ఆ కట్టే కుటుంబం అని చెబుతాడు. ఇంటికి వెళ్లమని మాత్రం ఒక్క మాట అనడు. పొద్దున్నే లేచి చూస్తే ఆ అమ్మాయి ఉండదు. బూడిద పక్కన పుల్లలు కట్ట కట్టి ఉంటాయి.